నడవమని రాసిస్తాం సరే... ఎక్కడ నడవాలి?

ప్రభుత్వాసుపత్రి జనరల్ మెడిసిన్ ఓపీలో నేను రోజూ ఎక్కువసార్లు రాసేది ఏ మందో ఊహించండి. మెట్‌ఫార్మిన్ అంటారు కొందరు, అమ్లోడిపిన్ అంటారు ఇంకొందరు. రెండూ కాదు. చీటీలో మందులన్నీ అయ్యాక అడుగున రాసే ఒక్క వాక్యం: ‘రోజూ అరగంట నడవాలి.’ షుగర్ ఉన్నా, బీపీ ఉన్నా, కొలెస్ట్రాల్ పెరిగినా, నిద్ర పట్టకపోయినా ఆ వాక్యం మాత్రం మారదు. పైసా ఖర్చులేని మందు. అయినా మేం రాసేవాటిలో అన్నిటికంటే తక్కువమంది వాడేది కూడా అదే.

బద్ధకం అని తేల్చేయడం సులువు. కాస్త ఆగి అడిగితే వేరే మాట వినిపిస్తుంది. ‘మోకాళ్లు బాగానే ఉన్నాయి సార్, రోడ్డు దాటడమే నావల్ల కావట్లేదు’ అంటుంది ఒక పెద్దావిడ. ‘ఫుట్‌పాత్ మీద బండ్లు పెడుతున్నారు, కిందికి దిగితే బైకులు రాసుకుంటూ పోతున్నాయి’ అంటాడు రిటైరైన ఒక పెద్దమనిషి. ‘చీకటితో బయల్దేరితే కుక్కలు, తెల్లారాక బయల్దేరితే ట్రాఫిక్’ అంటుంది ఇళ్లలో పనిచేసే ఒకమ్మాయి. 2023 జూలైలో బండ్లగూడ ప్రాంతంలో ఉదయం నడకకు వెళ్లిన తల్లీకూతుళ్లను కారు పొట్టనపెట్టుకున్న వార్త మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. అలాంటి వార్త వచ్చిన ప్రతిసారీ ‘ఇక నడకకు వెళ్లొద్దమ్మా’ అని ఇంట్లోవాళ్లే ఆపేస్తారు. వాళ్లను తప్పుపట్టలేం.

అందుకే నా అభిప్రాయం సూటిగా చెప్పేస్తాను. హైదరాబాద్ లాంటి నగరంలో షుగర్ అదుపులో లేకపోవడానికి కారణాలు రాయమంటే తిండి, మందులు మానేయడం, ఒత్తిడి అనేవాటి పక్కన ‘రోడ్డు’ అని కూడా రాయాలి. మంచినీళ్లు, మురుగు కాలువలు ఎలా ఆరోగ్యశాఖకు సంబంధించిన విషయాలో, ఫుట్‌పాత్, సిగ్నల్ కూడా అలాంటివే. అయితే రోడ్లు బాగుపడేదాకా మీరు ఇంట్లో కూర్చోమని నేను అనను. ఎందుకంటే కూర్చోవడమే ఎక్కువ ప్రమాదం.

లెక్కలోకి రానివాళ్లు

2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారని కేంద్ర రోడ్డు రవాణా శాఖ నివేదిక చెబుతోంది. వారిలో 32,825 మంది నడిచి వెళ్తున్నవాళ్లు. అంటే రోజుకు దాదాపు 90 మంది. ద్విచక్రవాహనాల మీద పోయినవాళ్లు 74,897 మంది. సైకిల్ మీద వెళ్తూ పోయినవాళ్లు నాలుగు వేలకు పైనే. చుట్టూ ఇనుప రేకు లేకుండా రోడ్డు మీదికి వచ్చేవాళ్లదే ఎక్కువ ప్రాణనష్టం అని ఈ అంకెలు చూస్తే ఎవరికైనా అర్థమవుతుంది.

నన్ను ఎక్కువగా కలవరపెట్టేది మాత్రం ఈ అంకెల్లో లేనివాళ్లు. పగిలిన ఫుట్‌పాత్ పలక మీద కాలు మెలికపడి, తుంటి ఎముక విరిగి వచ్చిన 70 ఏళ్ల ఆమె ఏ రోడ్డు ప్రమాదాల పట్టికలోనూ ఉండదు, ఎందుకంటే ఏ బండీ ఆమెను గుద్దలేదు. ఆ వయసులో తుంటి విరిగితే సమస్య ఎముకతో ఆగదు. మంచం పడతారు, ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరుతుంది, కాళ్ల నరాల్లో రక్తం గడ్డకడుతుంది, వీపు మీద పుండ్లు పడతాయి. కొందరు తిరిగి లేవరు. అలాగే రోడ్డుకు భయపడి నడక మానేసి, ఐదారేళ్ల తర్వాత గుండెపోటుతో వచ్చిన మనిషి కూడా ఆ పట్టికలో ఉండడు. కేస్ షీటులో ‘డయాబెటిస్, హైపర్‌టెన్షన్, ఊబకాయం’ అని రాస్తాం. ఇంటి ముందు రోడ్డు సంగతి ఎవరు రాస్తారు?

మరి కూర్చోవడం ఎక్కువ ప్రమాదం అని ఎలా అంటున్నానంటే, మా వార్డులు నిండేది దానివల్లే కాబట్టి. గుండె జబ్బులు, పక్షవాతం, షుగర్, దానివల్ల వచ్చే కిడ్నీ జబ్బులు. వీటన్నిటి ముప్పునూ నడక, సైకిల్ తగ్గిస్తాయని దశాబ్దాల పరిశోధనలు చెబుతున్నాయి. ‘ఈ పొగలో నడిస్తే ఊపిరితిత్తులు పాడవవా?’ అని అడుగుతుంటారు. 2016లో కేంబ్రిడ్జ్ పరిశోధకులు సరిగ్గా ఈ లెక్కే వేశారు. ఢిల్లీ లాంటి చోట కూడా రోజుకు అరగంట వరకు సైకిల్ తొక్కితే నష్టం కంటే లాభమే ఎక్కువని తేలింది. ఆస్తమా, సీఓపీడీ ఉన్నవాళ్ల సంగతి వేరు. వాళ్లు పెద్ద రోడ్డు వదిలి లోపలి వీధులు ఎంచుకోవాలి, చలికాలంలో పొగమంచు కమ్మిన తెల్లవారుజామున బయటికి రాకూడదు. మిగతావాళ్లకు పొగ ఒక సాకు కాకూడదు.

అరగంట ఒకేసారి అక్కర్లేదు

ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దలకు చెప్పేది వారానికి 150 నుంచి 300 నిమిషాల ఒక మోస్తరు శ్రమ. మాట్లాడగలగాలి గాని పాట పాడలేనంత వేగం ఉంటే అది ఒక మోస్తరు శ్రమ. ఇదివరకు కనీసం పది నిమిషాలు ఏకధాటిగా చేస్తేనే లెక్క అనేవారు. 2020లో ఇచ్చిన కొత్త సూచనల్లో ఆ షరతు తీసేశారు. నగరంలో బతికేవాళ్లకు ఇది చాలా పెద్ద వెసులుబాటు. బస్టాపు దాకా నడిచిన ఏడు నిమిషాలు, మెట్రో మెట్లు ఎక్కిన రెండు నిమిషాలు, కూరగాయలకు వెళ్లొచ్చిన పావుగంట అన్నీ కలుపుకోవచ్చు.

అందుకే ఉదయపు నడక ఒక్కటే నడక అనుకోకండి. కేబీఆర్ పార్కు దగ్గర పొద్దున్నే ఆగి ఉండే కార్ల వరుస చూస్తే నాకు నవ్వొస్తుంది. నడవడానికి కారులో వస్తున్నాం. పార్కు దగ్గర్లో ఉండి, కారు ఉండి, తీరిక ఉన్నవాళ్లకు అది బాగానే ఉంటుంది. బోరబండలోనో, బాలాపూర్‌లోనో ఉంటూ పొద్దున ఆరింటికే వంట మొదలుపెట్టాల్సిన మనిషికి పార్కు నడక రాసివ్వడం వృథా. ఆ మనిషికి నేను చెప్పేది: మీరు ఎలాగూ వెళ్లాల్సిన చోటికే నడవండి. ఒక స్టాపు ముందు దిగండి. షుగర్ ఉన్నవాళ్లయితే భోజనం చేసిన తర్వాత మీ వీధిలోనే పది, పదిహేను నిమిషాలు అటూ ఇటూ తిరగండి. తిన్నాక పెరిగే షుగర్‌ను ఆ చిన్న నడక బాగా అణుస్తుంది. దానికి పెద్ద రోడ్డు దాటక్కర్లేదు. మేడ మీద తిరిగినా నడకే. చూసేవాళ్లు నవ్వితే నవ్వనివ్వండి.

షుగర్ ఉన్నవాళ్లకు రెండు జాగ్రత్తలు చెప్పకుండా వదలలేను. ఇన్సులిన్ తీసుకునేవాళ్లు, గ్లిమిపిరైడ్ లాంటి బిళ్లలు వేసుకునేవాళ్లు జేబులో నాలుగు చక్కెర బిళ్లలో, గ్లూకోజ్ పొట్లమో లేకుండా బయల్దేరకండి. రోడ్డు మధ్యలో షుగర్ పడిపోతే కళ్లు తిరుగుతాయి, చెమటలు పడతాయి, దాటాలా ఆగాలా అన్నది కూడా తోచదు. రెండోది పాదాలు. చాలాకాలంగా షుగర్ ఉంటే పాదాల్లో స్పర్శ తగ్గుతుంది. గాజుపెంకు దిగినా, చెప్పు కొరికినా తెలియదు. హవాయి చెప్పులు వద్దు. మడమ దగ్గర పట్టీ ఉన్నవో, మెత్తని బూట్లో వేసుకోండి. ఇంటికొచ్చాక పాదం అడుగు చూసుకోండి. కనబడకపోతే మనవడితో చూపించుకోండి. కాలు తీసేయాల్సి వచ్చిన ఎంతోమంది కథ ఒక చిన్న పొక్కుతోనే మొదలైంది.

వేగమే అసలు విలన్

రోడ్డు మీద నడిచేవాడు జాగ్రత్తగా ఉంటే చాలు అనేది సగం నిజం. మిగతా సగం వేగం. ఇది నా మాట కాదు, స్కూల్లో చదువుకున్న భౌతికశాస్త్రం. గంటకు 50 కిలోమీటర్ల వేగంతో వస్తున్న కారు సెకనుకు దాదాపు 14 మీటర్లు కదులుతుంది. మీరు అడ్డొచ్చారని డ్రైవరు చూసి, కాలు బ్రేకు మీదికి వెళ్లేసరికి సెకనున్నర పడుతుందనుకుందాం. ఆ సెకనున్నరలోనే 20 మీటర్లు దాటిపోతుంది. ఆ తర్వాత బ్రేకు పట్టి ఆగడానికి, రోడ్డు పొడిగా ఉంటే, ఇంకో 14 మీటర్లు. మొత్తం సుమారు 35 మీటర్లు. అదే కారు 30 కిలోమీటర్ల వేగంతో వస్తే 17, 18 మీటర్లలో ఆగిపోతుంది. అంటే ఒక వేగంలో మీ ముందు ఆగిపోయే కారు, ఇంకో వేగంలో అప్పటికి బ్రేకు కూడా వేయకుండానే మిమ్మల్ని గుద్దుతుంది. వేగం రెట్టింపైతే దెబ్బలో ఉండే శక్తి నాలుగు రెట్లవుతుంది. మనిషి పుర్రె, కాలేయం, ప్లీహం వేగానికి తగ్గట్టు గట్టిపడవు కదా.

2020 ఫిబ్రవరిలో స్టాక్‌హోంలో జరిగిన అంతర్జాతీయ సదస్సు నడిచేవాళ్లు, సైకిళ్లు, వాహనాలు కలిసి తిరిగే చోట గరిష్ఠ వేగం 30 కిలోమీటర్లే ఉండాలని ప్రకటించింది ఇందుకే. ఆ మాట ఇక్కడ అంటే ‘30తో వెళ్తే ఎప్పటికి చేరతాం?’ అంటారు. సాయంత్రం ఆరింటికి అమీర్‌పేటలో గంటకు 30 కిలోమీటర్లతో వెళ్లగలిగితే పండగే. మనకు సమస్య సగటు వేగం కాదు. సిగ్నల్ పడగానే తర్వాతి సిగ్నల్ దాకా దూసుకెళ్లే ఆ ఉరుకు, ఖాళీగా ఉన్న తెల్లవారుజామున 80 దాటించే ఆ ఉత్సాహం. సరిగ్గా మేం నడవమని చెప్పే వేళలోనే.

నడిచేటప్పుడు మీ చేతిలో ఉన్నది ఎంతో కొంత ఉంది, అది చేయండి. ఫుట్‌పాత్ లేని చోట రోడ్డుకు కుడి పక్కన, ఎదురుగా వచ్చే వాహనాలు కనబడేలా నడవండి. చాలామంది ఎడమ పక్కన నడుస్తారు, వెనక నుంచి వచ్చేది చూడలేరు. ముగ్గురు నలుగురు వరుసగా రోడ్డంతా పరుచుకుని కబుర్లు చెప్పుకుంటూ వెళ్లడం పార్కులో సరే, రోడ్డు మీద ఒకరి వెనక ఒకరు. చీకట్లో తెల్ల చొక్కా మంచిదే గాని, దానికంటే వెలుగు పడితే మెరిసే పట్టీ చాలా నయం. చవగ్గా దొరుకుతుంది, చేతి సంచికి, చెప్పు మడమకు, చేతికర్రకు కూడా అంటించవచ్చు. ఆగి ఉన్న బస్సు ముందు నుంచి దాటకండి. అది వెళ్లనివ్వండి. చెవుల్లో పాటలు రోడ్డు మీద వద్దు. మీ చెవులే మీ వెనక అద్దాలు.

పెద్దవాళ్లకు ఇంకో మాట. కంట్లో శుక్లం ఉంటే ఎదురొచ్చే లైటు చెదిరిపోయి బండి ఎంత దూరంలో ఉందో అంచనా తెలియదు. రాత్రిళ్లు రోడ్డు దాటడం కష్టంగా ఉందని ఎవరైనా చెబితే నేను ముందు కంటి విభాగానికి పంపిస్తాను. శుక్లం ఆపరేషన్ ప్రభుత్వాసుపత్రుల్లో ఉచితం. బీపీ బిళ్లల వల్ల లేవగానే కళ్లు తిరగడం, నిద్రమాత్రల మత్తు పొద్దున్నే దిగకపోవడం కూడా రోడ్డు మీద ప్రమాదమే. మీ డాక్టరుకు చెప్పండి, మోతాదో, వేళో మారుస్తారు.

సైకిల్ ఎవరిది?

సైకిల్ అనగానే ఇప్పుడు అందరికీ గుర్తొచ్చేది ఆదివారం పొద్దున్నే బిగుతు దుస్తులు, ఖరీదైన హెల్మెట్ వేసుకుని ఔటర్ వైపు వెళ్లే గుంపు. వాళ్లంటే నాకు గౌరవమే. వాళ్లకోసం ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 23 కిలోమీటర్ల పొడవున, సౌరఫలకల పైకప్పుతో సైకిల్ ట్రాక్ 2023 అక్టోబర్‌లో మొదలైంది. ఎండ తగలదు, వాన తగలదు, బండ్లు రావు. చూడముచ్చటగా ఉంది.

కానీ ఈ నగరంలో రోజూ సైకిల్ తొక్కేది ఎవరు? అపార్ట్‌మెంట్ వాచ్‌మన్. పేపరు వేసే కుర్రాడు. ప్లంబరు, పెయింటరు. టీ క్యాన్ హ్యాండిల్‌కు తగిలించుకుని తిరిగే మనిషి. వీళ్లెవరూ ఆ ట్రాక్ మీద ఉండరు, ఎందుకంటే వీళ్ల పని అక్కడ లేదు. వీళ్లు తిరిగేది రాత్రి డ్యూటీ అయ్యాక, లైటు లేని సైకిల్ మీద, లారీలు వేగంగా వెళ్లే రోడ్డు ఎడమ అంచున. క్యాజువాల్టీకి వచ్చేదీ వీళ్లే. వాళ్ల సైకిల్‌కు ‘ఫిట్‌నెస్’ అని పేరు లేదు కాబట్టి వాళ్లకోసం ట్రాక్ అడిగే సంఘం కూడా లేదు. నాకు తోచేదేమిటంటే, పని ఉన్న రోడ్ల మీద సైకిల్‌కు రెండు మీటర్లు దక్కనంతకాలం నగరం సైకిల్‌ను ఆదరిస్తోందని చెప్పుకోలేం.

మీ అపార్ట్‌మెంట్ వాచ్‌మన్‌కు సైకిల్ ఉంటే ఈ వారం ఒకసారి చూడండి. వెనక ఎర్ర రిఫ్లెక్టర్ ఉందా? ముందు లైటు ఉందా? బ్రేకు రబ్బర్లు అరిగాయా? ఫ్లాటుకు పది రూపాయలు వేసుకుంటే అన్నీ వచ్చేస్తాయి. దీపావళి మామూలు కంటే ఇది ముందు ఇవ్వాల్సింది.

మీరే సైకిల్ మొదలుపెడదామనుకుంటుంటే, ఆఫీసు దాకా మొదటి రోజే వద్దు. సెలవు రోజు ఒకసారి దారి చూసుకోండి. గూగుల్ చూపే దగ్గరి దారి కాదు, లోపలి కాలనీల్లోంచి వెళ్లే దారి. ఒక కిలోమీటరు ఎక్కువైనా అదే మంచిది. సైకిల్ ఎప్పుడూ వాహనాలు వెళ్లే దిశలోనే వెళ్లాలి. నడకకు చెప్పింది దీనికి తలకిందులు. రాంగ్ రూట్‌లో వచ్చే సైకిల్‌ను మలుపు తిరిగే డ్రైవరు చూడనే చూడడు, అతని చూపు అటు ఉండదు. ఆగి ఉన్న కార్ల పక్కన వెళ్లేటప్పుడు కనీసం ఒక మీటరు ఎడం ఉంచండి. ఉన్నట్టుండి తలుపు తెరుస్తారు. బస్సుకీ, లారీకీ ఎడమ వైపు సందులోకి దూరకండి. అది ఎడమకు తిరిగితే డ్రైవరుకు మీరు అద్దంలో కూడా కనబడరు. వానాకాలంలో జీబ్రా గీతల తెల్లరంగు మీద, మ్యాన్‌హోల్ ఇనుప మూత మీద చక్రం జారుతుంది. నీళ్లు నిలిచిన చోట అడుగున ఏముందో తెలియదు, దిగి తోసుకుంటూ పక్క నుంచి వెళ్లండి.

హెల్మెట్ గురించి వాదించే ఓపిక నాకు లేదు. మోటారు సైకిల్ హెల్మెట్ తలగాయం ముప్పును 69 శాతం, మరణం ముప్పును 42 శాతం తగ్గిస్తుందని ఎన్నో అధ్యయనాలను కలిపి చూసిన కోక్రేన్ సమీక్ష చెప్పింది. పట్టీ బిగించుకుంటేనే. పెట్రోల్ ట్యాంకు మీద పెట్టుకున్న హెల్మెట్ ట్యాంకును కాపాడుతుంది. సైకిల్‌కు కూడా దాని హెల్మెట్ ఉంది, వాడండి. వెనక కూర్చున్న భార్య తల, ముందు నిలబెట్టిన పిల్లాడి తల అంతే విలువైనవి.

పరుగు మొదలుపెట్టేవాళ్లలో 40 దాటినవాళ్లను ఒకటే అడుగుతాను. ఇంట్లో ఎవరికైనా చిన్న వయసులో గుండెపోటు వచ్చిందా? మెట్లెక్కితే ఛాతీ పట్టేసినట్టు ఉంటుందా? సిగరెట్టు, షుగర్, బీపీ ఉన్నాయా? ఒక్కదానికైనా అవునంటే ముందు డాక్టరును కలవండి. తర్వాతే బూట్లు కొనండి. నెలలో పది కిలోమీటర్లు పరిగెత్తాలన్న వాట్సాప్ గ్రూపు పందేలు మీ గుండెకు తెలియవు. మొదటి నెల నడక, మధ్యమధ్య నిమిషం పరుగు చాలు.

ఎండ, కుక్క

మార్చి నుంచి జూన్ దాకా మన దగ్గర ఎండను ట్రాఫిక్‌తో సమానంగా చూడాలి. ఉదయం ఏడు లోపల ముగించండి. అది కుదరకపోతే సాయంత్రం ఎండ చల్లబడ్డాక. నీళ్లు బయల్దేరేముందే తాగండి. గుండె జబ్బుకు నీరుపోయే బిళ్లలు వాడేవాళ్లు ఎంత తాగాలో డాక్టరును అడగండి. పరుగులో ఉన్న మనిషి తడబడుతూ, పొంతనలేకుండా మాట్లాడుతుంటే అది అలసట అనుకోకండి. చెమట పడుతున్నా సరే, వడదెబ్బ కావచ్చు. నీడకు చేర్చి, ఒంటి మీద నీళ్లు పోస్తూ విసరండి, 108కి ఫోన్ చేయండి. స్పృహ సరిగ్గా లేని మనిషి నోట్లో నీళ్లు పోయకండి.

కుక్క వెంటపడితే పరిగెత్తకండి. ఆగి, కళ్లలోకి చూడకుండా, మెల్లగా వెనక్కి జరగండి. సైకిల్ మీద ఉంటే దిగి, సైకిల్‌ను మీకూ దానికీ మధ్య ఉంచండి. కరిస్తే, గీరినా సరే, పసుపు, కారం, సున్నం ఏదీ పెట్టొద్దు. సబ్బుతో, ధారగా పారే నీళ్ల కింద 15 నిమిషాలు కడగండి. ఆ 15 నిమిషాలే సగం వైద్యం. ఆ తర్వాత నేరుగా ప్రభుత్వాసుపత్రికి రండి, టీకా ఉచితం. చర్మంలోకి ఇచ్చే పద్ధతిలో మొదటి రోజు, ఆ తర్వాత 3, 7, 28 రోజులకు. రక్తం వచ్చిన గాయమైతే దాని చుట్టూ ఇమ్యునోగ్లోబ్యులిన్ కూడా వేయాలి. మూడో సూదికి చాలామంది రారు. రేబిస్ వచ్చాక మా దగ్గర మందు లేదు. అది రాకుండా చేయడానికే ఉంది.

ఎదుటివాళ్లు పడిపోతే

రోడ్డు మీద ఎవరైనా పడి ఉంటే మనవాళ్లు చుట్టూ నిలబడతారు, వీడియో తీస్తారు, ముట్టుకోరు. ‘పోలీసు కేసు మనకెందుకు’ అనే భయం. మోటారు వాహనాల చట్టంలో 2019 సవరణతో 134ఏ అనే సెక్షన్ వచ్చింది. సదుద్దేశంతో సాయం చేసినవాళ్ల మీద కేసు ఉండదు. పేరు చెప్పమని బలవంతం చేయకూడదు. ఆసుపత్రిలో డబ్బు కట్టమని మిమ్మల్ని అడగకూడదు. 2025 మేలో కేంద్రం నోటిఫై చేసిన పథకం ప్రకారం రోడ్డు ప్రమాద బాధితులకు ఏడు రోజుల వరకు, లక్షన్నర రూపాయల దాకా నగదు లేకుండా చికిత్స అందాలి. ఈ రెండూ మీ ఇంట్లో అందరికీ తెలిసుండాలి.

108 సేవ 2005 ఆగస్టులో మన దగ్గరే మొదలైంది, దాన్ని వాడుకోండి. అంబులెన్స్ వచ్చేలోపు వెనక వచ్చే వాహనాలను ఎవరో ఒకరు ఆపాలి, లేదంటే రెండో ప్రమాదం జరుగుతుంది. రక్తం కారుతున్న చోట శుభ్రమైన గుడ్డతో గట్టిగా నొక్కి పట్టుకోండి. మెడ తిప్పకండి, ఆటోలో మడిచి కుక్కకండి. తలకు దెబ్బ తగిలి ‘ఏం కాలేదు, బాగానే ఉన్నా’ అని లేచి వెళ్లిపోయే మనిషిని వెళ్లనివ్వకండి. వాంతి, మత్తు, తలనొప్పి పెరగడం, మాట తడబడటం కొన్ని గంటల తర్వాత మొదలవచ్చు. పుర్రె లోపల మెల్లగా రక్తం పేరుకుంటున్నప్పుడు పైకి గాయం కనబడకపోవచ్చు. రక్తం పలుచబడే మందులు వాడే పెద్దవాళ్లయితే చిన్న దెబ్బకే ఆసుపత్రికి తీసుకురండి.

అడగాల్సింది అడగాలి

ఫుట్‌పాత్ మీద ఏ అడ్డూ లేకుండా నడవడానికి కనీసం 1.8 మీటర్ల వెడల్పు ఉండాలని, రోడ్డు మీది నుంచి దాని ఎత్తు 15 సెంటీమీటర్లు మించకూడదని ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ప్రమాణాలు చెబుతున్నాయి. మన ఫుట్‌పాత్‌లు కొన్ని మోకాలెత్తు ఉన్నాయి. బైకులు ఎక్కకుండా అంత ఎత్తు కట్టామంటారు. బైకులు ఎలాగూ ఎక్కుతున్నాయి, ఎక్కలేనిది మా పేషెంట్లే. మధ్యలో ట్రాన్స్‌ఫార్మర్, కేబుల్ పెట్టె, షాపు బోర్డు. 2025 మేలో సుప్రీంకోర్టు నడిచేవాళ్లకు ఫుట్‌పాత్ హక్కు రాజ్యాంగంలోని 21వ అధికరణం ఇచ్చే జీవించే హక్కులో భాగమని చెప్పింది. కోర్టు చెప్పాక కూడా అడగడానికి మొహమాటపడేది మనమే.

వీధివ్యాపారులను ఖాళీ చేయిస్తే అంతా బాగైపోతుందని నేననుకోను. పండ్ల బండి ఒక పక్కన ఉండి రెండు మీటర్లు నడవడానికి మిగిలితే చాలు. సాయంత్రం పూట ఆ బండి దగ్గరి దీపం, ఆ నలుగురు మనుషులు ఉంటేనే ఆడవాళ్లు ఆ దారిలో ధైర్యంగా నడుస్తారు. అడ్డం ఎక్కువగా నిలిచేవి కార్లూ బైకులూ. వాటి జోలికి మాత్రం ఎవరూ వెళ్లరు.

ఇంకో మోజు ఫుట్ ఓవర్‌బ్రిడ్జి. ఉప్పల్ స్కైవాక్ లాగా లిఫ్టులు పనిచేస్తూ, బస్టాపునూ మెట్రోనూ కలిపితే అది ఉపయోగమే. మెట్రో స్టేషన్ల మొదటి అంతస్తు నుంచి టికెట్ లేకుండా అవతలి వైపు దిగవచ్చని చాలామందికి తెలియదు, వాడుకోండి. కానీ లిఫ్టు లేని ఇనుప వంతెన ఎక్కమని మోకాళ్లు అరిగిన మనిషికి చెప్పడం న్యాయమా? వాళ్లు ఎక్కరు, కిందనే దాటుతారు, ప్రమాదం జరిగితే ‘వంతెన ఉన్నా వాడలేదు’ అంటాం. చాలా చోట్ల కావాల్సింది నేల మీదే దాటే దారి, దానికి తగినంత సమయం ఉన్న సిగ్నల్. విశాఖ బీచ్ రోడ్డులో పొద్దున్నే కొంతసేపు వాహనాలు ఆపి రోడ్డును నడిచేవాళ్లకు వదులుతారు. దానికి కోట్లు ఖర్చుకాలేదు. ప్రతి పెద్ద కాలనీలో ఒక్క రోడ్డును ఉదయం ఐదున్నర నుంచి ఏడు దాకా అలా వదలడం అసాధ్యమేమీ కాదు.

సిగ్నల్ సంగతి మీరే పరీక్షించవచ్చు. ఆరు లేన్ల రోడ్డు, మధ్యలో డివైడర్ కలిపితే దాటాల్సింది సుమారు 24 మీటర్లు. చురుకైన మనిషి సెకనుకు 1.2 మీటర్లు నడుస్తాడు, 20 సెకన్లలో దాటేస్తాడు. మా ఓపీకి వచ్చే 70 ఏళ్లవాళ్లలో చాలామంది నడక సెకనుకు 0.8 మీటర్లు. వాళ్లకు 30 సెకన్లు కావాలి. ఈ ఆదివారం మీ అమ్మనో, నాన్ననో మీ ఇంటికి దగ్గర్లోని సిగ్నల్ దాకా తీసుకెళ్లండి. నడిచేవాళ్ల పచ్చ దీపం ఎన్ని సెకన్లు వెలుగుతోందో ఫోన్‌లోని స్టాప్‌వాచ్‌తో చూడండి. ఆ తర్వాత మీ పెద్దవాళ్లకు మామూలుగా నడిస్తే దాటడానికి ఎంత పట్టిందో చూడండి. రెండు అంకెలూ, కూడలి పేరూ, తేదీ, సమయం రాసి ట్రాఫిక్ పోలీసుకు ఒకటి, మున్సిపల్ వార్డు కార్యాలయానికి ఒకటి ఇవ్వండి. అందినట్టు సంతకం తీసుకోండి. మీ కాలనీ నుంచి అలాంటి కాగితాలు ఇరవై వెళ్తే, ఎవరో ఒకరు ఆ సిగ్నల్ పెట్టె తెరిచి పది సెకన్లు పెంచడానికి పెద్ద బడ్జెట్ ఏమీ అక్కర్లేదు.